ఉప్పు చెప్పే మనిషి

మిల్లు క్యాంటీనులో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. మేనేజరు దగ్గర్నుంచి గిన్నెలు తోమే ఆమె దాకా అందరికీ ఆయన పెద్దగరిటె. మనిషి చూస్తే పొట్టి. చేతిలో ఉండే ఇనప గరిటె భుజాల దాకా వచ్చేది. నాలుగు వందల మందికి కూర కలపాలంటే ఆ మాత్రం ఉండాలి మరి. ఎత్తుపీట మీద నిలబడి రెండు చేతులా దాన్ని తిప్పుతుంటే కొత్తగా చేరిన కార్మికులు కిటికీలోంచి చూసి నవ్వేవాళ్ళు. భోజనం చేశాక నవ్వేవాళ్ళు కాదు.

ఆయనకో గర్వం ఉండేది. వండేటప్పుడు రుచి చూడడు. ఎవరైనా కాస్త కూర అరచేతిలో వేసుకుని నాకబోతే కసిరేవాడు. "రుచి చూసి వండేవాడు వంటవాడు కాదురా, అనుమానప్పక్షి" అనేవాడు. ఆయన లెక్కలన్నీ గిన్నెల్లో ఉండేవి. ఉప్పుకు ఒక సత్తు గిన్నె, కారానికి అంతకంటే చిన్నది, ధనియాల పొడికి పిడి ఊడిన మగ్గు. ఆయన ఉద్యోగంలో చేరేనాటికే ఆ మూడూ అక్కడున్నాయి. అంచుకు సమానంగా కొలిచి వేస్తే ఇక నాలుకతో పని లేదు. మిగిలిందంతా కంటి పని. ఉల్లిపాయ ఎర్రబడి, మసాలా ముద్ద గుండిగకు అంటుకోకుండా జరిగి, నూనె అంచుల వెంట తేలితే, "అయింది, దించండి" అనేవాడు. ముప్పై ఒక్క సంవత్సరాలు ఆ మాటకు తిరుగు లేదు.

ఇలాంటివాడు ఇంటి వంటకు వంకలు పెడతాడనుకుంటాం. పెట్టేవాడు కాదు. తల్లి బతికున్నన్నాళ్ళూ పొయ్యి తల్లిదే. కోడల్ని ముక్కలు తరగడం దాటి ముందుకు రానివ్వలేదు ఆవిడ. ఆవిడ పోయాక, కాపురానికి వచ్చిన పద్దెనిమిదేళ్ళకు, ఆయన భార్య చేతికి గరిటె వచ్చింది. మొదట్లో కొన్నాళ్ళు ఆయన "చప్పగా ఏడ్చింది" అని సణిగిన మాట నిజమే. తర్వాత ఆవిడ చెయ్యి కుదిరింది. ఆయన షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికి మూడయ్యేది. ఆవిడ ఒంటిగంటకే తినేసేది. ఒక్కడే కూర్చుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, "ఇదీ కూరంటే" అనేవాడు. ఆవిడ మంచినీళ్ళ గ్లాసు దగ్గరకు జరిపి ఊరుకునేది. క్యాంటీనులో మాత్రం ఆయన గొప్పలు పోయేవాడు. "నా చేతి కూర నాలుగు వందల మంది తింటారు. నేను తినే చెయ్యి ఒక్కటే" అనేవాడు.

ఆ చెయ్యి ఒక పొద్దున్న గిన్నె కడుగుతూ కడుగుతూ వేలాడిపోయింది. గిన్నె కింద పడ్డ చప్పుడుకు ఆయన వచ్చి చూసేసరికి ఆవిడ నేల మీద ఉంది, మూతి ఒక పక్కకు జారి ఉంది.

పన్నెండు రోజులు ఆస్పత్రిలో ఉంచారు. కుడి చెయ్యీ, కుడి కాలూ, మాటా పోయాయి. తెలివి మాత్రం ఎక్కడికీ పోలేదు. కళ్ళతో అన్నీ అడిగేది, ఎడమ చేత్తో దుప్పటి సర్దుకునేది. ఇంటికి పంపేముందు డాక్టరమ్మ రెండు మాటలు చెప్పింది. ఒకటి, రక్తపోటు బాగా ఎక్కువగా ఉంది, ఉప్పు తగ్గించాలి. రెండు, మనిషి చిక్కి సగమైంది, నోటితో తినకపోతే ముక్కులోంచి గొట్టం వేసి పోయాల్సి వస్తుంది. "ఆవిడకు ఇష్టమైనవి మెత్తగా వండి ఎలాగైనా తినిపించండి" అంది.

వంటవాడితో అనాల్సిన మాటేనా అది? ఆయన ఆ వారమే క్యాంటీను పని మానేశాడు. తోడుగా వచ్చిన మరదలు, అంటే ఆవిడ చెల్లెలు, పొరుగూళ్ళో చిన్నపిల్లల బడిలో ఆయా. సెలవు పెట్టి ఉంటానంది. "నేనుండగా మీ అక్కకు తిండికి లోటా అమ్మాయ్?" అని ఆయనే బస్సెక్కించి పంపించాడు. ఆ అమ్మాయి బస్సు కిటికీలోంచి ఏదో చెప్పబోయి, చెప్పలేక, చెయ్యి ఊపింది.

తీరా పొయ్యి ముందు నిలబడితే పెద్దగరిటెకు పని తెలియలేదు. నాలుగు వందల మందికి వండే చేతికి ఇద్దరికి ఎంతో ఎలా తెలుస్తుంది? మొదటిరోజు "కాస్తే" అనుకుంటూ వండిన దుంపల కూర మూడు గిన్నెల నిండా వచ్చింది. పక్కింటి టైలరుకు ఒక గిన్నె, ఎదురింటివాళ్ళకు ఒక గిన్నె ఇచ్చి, మిగిలింది తను రెండు రోజులు తిన్నాడు. రెండో వారానికి అరకిలో దుంపల దాకా దిగాడు. అప్పటికి వీధి వీధంతా ఆయన కూర తిని ఉంది. గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడు టైలరు "భేష్ అన్నా, చెయ్యి తిరిగిన మనిషివి" అన్నాడు. ఎదురింటామె "అన్నయ్యగారి వంటకు వంకేముంది" అంది. ఒక్కరూ వేరే మాట అనలేదు.

ఆవిడ మాత్రం తినడం లేదు. ఆయన ఒళ్ళో దిండు పెట్టి, తల ఆనించి, అన్నం మెత్తగా పిసికి చెంచాతో పెడితే రెండు చెంచాలకు పళ్ళు బిగించేది. బతిమాలాడు, కోప్పడ్డాడు, తర్వాత కోప్పడినందుకు పక్క గదిలోకి వెళ్ళి తల పట్టుకు కూర్చున్నాడు. అప్పుడు ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. తను వండుతున్నది క్యాంటీను కూర. ఆవిడ అడుగుతున్నది ఇంటి కూర. ఆవిడ చేసే కూరను అచ్చంగా అలాగే తేగలిగితే ఎందుకు తినదు? ఆ రుచి తనకు కంఠతా వచ్చు కదా, రోజూ తిన్నవాడేనాయె.

ఇక పట్టుకున్నాడు. మొదట ముద్ద సంగతి. మిక్సీలో వేస్తే మసాలా వెన్నలా అయిపోతోంది. ఆవిడ కూరలో ధనియం గింజ నాలుక కింద గరగరలాడుతూ తగిలేది. వెతికితే అలమర కింద అరచేతి వెడల్పు రాతి రోలు దొరికింది. ధనియాలు, జీలకర్ర, ఎండుమిర్చి దోరగా వేయించి అందులో దంచితే ఆ పలుకు వచ్చింది. ఉల్లిపాయ నూరకూడదని, సన్నగా తరిగి చిన్న మంట మీద మెత్తబడేదాకా ఓపిక పట్టాలని ఇంకో నాలుగు రోజులకు తెలిసింది. క్యాంటీనులో చిక్కదనానికి శనగపిండి కలిపేవాళ్ళు. అది వేస్తే నోరంతా పిండి పిండి. ఉడికిన దుంపల్లోంచి రెండు ముక్కలు తీసి గరిటె వెనకతో చిదిమి కలిపితే పులుసు అన్నాన్ని పట్టుకుంది. ముప్పై ఒక్క ఏళ్ళు వండినవాడు ఇవన్నీ కొత్తగా పెళ్ళయిన పిల్లలా నేర్చుకున్నాడు. వంటగదికి ఎదురుగా మంచం మీంచి ఆవిడ చూస్తూ ఉండేది.

ముద్ద కుదిరాక ఉప్పూ కారం మిగిలాయి. ఇంట్లో కొలత గిన్నెలు లేవు, అంతవరకూ చేతి అంచనాకే వేస్తూ వచ్చాడు. ఆయన జన్మలో మొదటిసారి తన నియమం తప్పి గరిటె నోటికి తాకించాడు. చప్పగా ఉంది. ఇంకాస్త వేశాడు. అయినా చప్పనే. డాక్టరమ్మ మాట గుర్తుంది కాబట్టి చిటికెడు చిటికెడే వేస్తూ, నాలుకకు తగలీ తగలనట్టు ఉన్న చోట ఆపేశాడు. ఆపేసి ఇంకోసారి చూశాడు. మధ్యాహ్నం మూడింటికి తను తినే కూర అదే. కాస్త ఉప్పు తక్కువ, అంతే.

గిన్నె పట్టుకుని మంచం దగ్గరకు పరుగులాంటి నడకతో వెళ్ళాడు. ఆవిడ మొదటి చెంచా నోట్లో పెట్టుకుని ఆయన్ని చాలాసేపు చూసింది. కళ్ళు మూసుకుని మింగింది. కళ్ళ చివరల్లోంచి నీళ్ళు కారాయి.

"ఇదేనా? నువ్వు చేసేది ఇదేగా?" అని అడిగాడు.

ఆవిడ తల ఊపింది. ఎడమ చేత్తో ఆయన మణికట్టు పట్టుకుని చెంచాను తనే నోటి దాకా తెచ్చుకుంది. గిన్నె ఖాళీ అయ్యేదాకా తింది. ఆయన ఏడ్చాడు, సిగ్గుపడకుండా ఏడ్చాడు. ఆరోజు సాయంత్రం వీధిలో కనబడ్డవాళ్ళందరికీ "మా ఆవిడ తింటోంది" అని చెప్పుకున్నాడు. గొట్టం గండం గడిచిందనుకున్నాడు. తొమ్మిది రోజులు ఆ కూరే వండాడు, తొమ్మిది రోజులూ ఆవిడ తింది. గ్లాసుల కొద్దీ నీళ్ళు తాగింది. ఒంట్లోకి తిండి పడుతోంది కాబట్టి దాహం వేస్తోంది అనుకున్నాడు.

పదో రోజు పొద్దున్న ఆవిడ లేవలేదు. రక్తపోటు ఆకాశంలో ఉందన్నారు. మళ్ళీ అదే ఆస్పత్రి, అదే వార్డు.

కబురు అందగానే మరదలు వచ్చింది. అక్కకు బట్టలు తేవడానికి ఇంటికి వెళ్ళి, ఎప్పుడో తిన్నదేమో, పొయ్యి పక్కనున్న చల్లన్నంలో కాస్త కూర కలుపుకుని నోట్లో పెట్టుకుంది. తూము దగ్గరకు పరిగెత్తి ఉమ్మేసింది. అక్కడినుంచి ఆస్పత్రికి ఎలా వచ్చిందో ఆ అమ్మాయికే తెలియదు.

పెద్దగరిటె వార్డు బయట బల్ల మీద కూర్చుని ఉన్నాడు.

"బావగారూ, అక్కకు పెట్టింది ఆ గిన్నెలోదేనా?"

"అదే. మీ అక్క చేసినట్టే కుదిరిందమ్మాయ్. ఊడ్చి ఊడ్చి తింది."

ఆ అమ్మాయి ఆయన పక్కన కూలబడింది. "అందులో కూరెక్కడుంది బావగారూ? అంతా ఉప్పే."

"నేను బాగా తగ్గించి వేశాను. నాకు తగలీ తగలనట్టు వేశాను."

"మీకు తగలదు. మీకు రుచి తెలియక పదమూడేళ్ళయింది."

ఆయన నవ్వబోయాడు. ఆ అమ్మాయి మొహం చూసి ఆగిపోయాడు.

"మీరు చప్పగా ఉందని సణిగేవారట కదా మొదట్లో. అక్క ఉప్పు పెంచుతూ పోయింది. ఒకరోజు తను తినబోతే నోరు పొక్కిపోయింది. అప్పుడు తెలిసిపోయింది అక్కకి. అప్పట్నుంచి కూర దించగానే తనకు కావలసింది చిన్న గిన్నెలోకి తీసుకుని, మిగతాదాంట్లో మీకోసం ఇంకో చెంచాడు ఉప్పూ కారం వేసి మళ్ళీ ఉడికించేది. ఎవరితో అనొద్దని నాచేత ఒట్టు వేయించుకుంది. వంటవాడికి నాలుక పోయిందంటే ఇంకేం మిగులుతుందే, అనేది." ఆ అమ్మాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆరోజు బస్సెక్కేటప్పుడే చెప్పాల్సింది. ఒట్టు గుర్తొచ్చి నోరు రాలేదు."

తర్వాత డాక్టరమ్మ కూడా ఆయన నాలుక మీద ఏవో చుక్కలు వేసి చూసి అదే చెప్పింది. ఏళ్ళ తరబడి ఆవిరీ మిరప ఘాటూ పీల్చి ముక్కూ నాలుకా మొద్దుబారి ఉండొచ్చు, మెల్లగా పోయింది కాబట్టి తెలిసి ఉండదు అంది. రెండోసారి పక్షవాతం రావడానికి ఉప్పొక్కటే కారణమని చెప్పలేం అని కూడా అంది. ఆ రెండో మాట ఆయన చెవికెక్కలేదు.

నాకు ఒళ్ళు మండేది ఆ వీధివాళ్ళ మీద. టైలరు భార్య ఆ కూరను రెండుసార్లు నీళ్ళలో కడిగి, మళ్ళీ తాలింపు వేసుకుందట. ఎదురింటామె మొదటిరోజే పారబోసిందట. ఇంతమంది మర్యాదస్తుల్లో ఒక్కరు "అన్నా, ఉప్పెక్కువైంది" అని ఉంటే సరిపోయేది. కానీ వాళ్ళనీ ఏం అంటాం? పెద్దగరిటెతో ఉప్పెక్కువైందని అనే ధైర్యం ఎవరికుంటుంది? ఆయనకు మాత్రం వాళ్ళెవరి మీదా కోపం రాలేదు. మంచం పక్కన కూర్చుని ఆ తొమ్మిది రోజుల్నీ తలుచుకున్నాడు. నోరు మండుతుంటే, గొంతు కాలుతుంటే, తన మణికట్టు పట్టుకుని మరీ తిన్న మనిషిని తలుచుకున్నాడు.

ఈసారి ఆవిడ ఇంటికి వచ్చేసరికి ఎడమ చెయ్యి కూడా సరిగా లేవడం లేదు. మరదలు పక్కనుండి మొదటిరోజు కూర వండింది. అదే రోలు, అవే దుంపలు. ఆయన గిన్నె తీసుకుని మంచం దగ్గర కూర్చుని, పెట్టేముందు చెప్పాడు.

"ఇదిగో, నా సంగతి నాకు తెలిసిపోయింది. ఇంక నువ్వు దాచక్కర్లేదు. బాగోలేకపోతే మూతి తిప్పు. నేనేం అనుకోను."

ఆవిడ చెల్లెలి వైపు చూసింది. చెల్లెలు తల దించుకుంది. ఆవిడ కాసేపు పైకప్పు చూస్తూ ఉండిపోయి, నోరు తెరిచింది. చెంచా మింగి, కనుబొమలు ఎగరేసింది.

"ఏం, ఉప్పు చాల్లేదా?"

మళ్ళీ కనుబొమలు ఎగరేసింది. ఆయన నాలుగు గింజలు వేసి కలిపాడు. ఇంకో చెంచా. ఈసారి రెప్పలు మెల్లగా వాల్చింది. చాలు అని అర్థం.

మరదలు వారం తర్వాత తన ఊరికి వెళ్ళిపోయింది. వాళ్ళిద్దరూ కలిసి వండడం మొదలుపెట్టారు. అంతకంటే వేరే మాట లేదు దానికి. ఆయన పొయ్యి దగ్గర కలుపుతాడు, చెంచాలో తీసి ఊదుకుంటూ మంచం దగ్గరకు వస్తాడు, "ఉప్పు చూడు" అంటాడు. ఆవిడ కనుబొమలతో వద్దంటుంది, రెప్పలతో సరే అంటుంది. పావు చెంచాకు కాస్త తక్కువ దగ్గర ఉప్పు తేలింది. డాక్టరమ్మ కూడా సరేనంది. ఆవిడకు అక్కడితో తృప్తి లేదు. ఇంకా ఏదో తక్కువైందన్నట్టు మొహం పెట్టేది. ఆయన అలమరలోని సీసాలు ఒక్కొక్కటీ తెచ్చి చూపించాడు. లవంగం వద్దంది, మిరియం వద్దంది, గసగసాలకు మొహం చిట్లించింది. నిమ్మకాయ చూపిస్తే రెప్పలు వాల్చింది. అయినా ఇంకా ఏదో ఉంది. రెండు రోజులు బుర్ర బద్దలుకొట్టుకుని, విసుగొచ్చి, "ఇదా నీకు కావలసింది?" అని వెటకారంగా పంచదార డబ్బా ఎత్తి చూపించాడు. ఆవిడ రెప్పలు వాల్చింది. చిటికెడు పంచదార. "నా మొహం, ఇది నాకెలా తడుతుందే?" అన్నాడు. వంకర మూతితో ఆవిడ నవ్వింది. ఆ నవ్వు కోసం ఆయన మర్నాడు కూడా అదే మాట అన్నాడు.

ఆయన నోటికి అదంతా వేడి వేడి మెత్తని ముద్ద, అంతే. ధనియం పలుకు తెలిసేది, దుంప చిదిమిన చిక్కదనం తెలిసేది. మిగతాదంతా ఆవిడ మొహంలో చూసుకునేవాడు. ముప్పై ఒక్కేళ్ళ కాపురంలో ఇద్దరూ ఒకేసారి కూర్చుని తిన్నది ఆ రోజుల్లోనే.

నలభై ఒక్క రోజులు. గొట్టం వేయాల్సిన పని రాలేదు. నలభై రెండో రోజు మధ్యాహ్నం తిని పడుకున్న మనిషి నిద్రలోనే పోయింది.

తర్వాత నెలన్నరకు మరదలు చూడవచ్చింది. వచ్చేసరికి ఆయన వంట చేస్తున్నాడు. నిమ్మకాయ పిండుతూ, "కూర్చో అమ్మాయ్, అయిపోయింది" అన్నాడు. కాగితం ముక్క మీద రాసుకున్న కొలతలు గోడకు అంటించి ఉన్నాయి. పావు చెంచా ఉప్పు తీసి, అందులో కాస్త వేలితో తుడిచేసి మరీ వేశాడు. రుచి చూడలేదు. చూసి ప్రయోజనం లేదు.

ఇద్దరికీ వడ్డించాడు. ఆ అమ్మాయి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం ఆపేసింది. ఎడమ చేత్తో కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది.

"ఏం, తేడా చేసిందా?" అన్నాడు ఆయన భయంగా.

"లేదు బావగారూ. అక్క చేతిదే. అచ్చం అక్క చేతిదే."

"ఎలా ఉంది?"

"బాగుంది."

"బాగుందని అందరూ అంటారు. బాగోలేకపోయినా అంటారు. ఎలా ఉంటుందో చెప్పు." ఆయన కంచంలో చెయ్యి అలాగే ఉంది. "పద్దెనిమిదేళ్ళు అమ్మ వండింది. పదమూడేళ్ళు మీ అక్క నాకోసం చెడగొట్టి పెట్టింది. బాగు చేసుకునేసరికి నాకు నాలుక లేదు. మీ అక్క చేతి కూర నేను ఒక్కసారి కూడా తినలేదమ్మాయ్."

ఆ అమ్మాయి కంచంలోకి చూసింది. రుచిని ఎవరైనా ఎలా చెబుతారు? "ముందు పులుపు తగులుతుంది" అంది. "కొంచెమే. ఆ వెనకాలే తీపి, ఉందా లేదా అన్నట్టు. తర్వాత..." ఆగిపోయింది.

పెద్దగరిటె ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

"తర్వాత?" అన్నాడు.

ఆ అమ్మాయి ఇంకో ముద్ద తిని, ఏడుపు దిగమింగుకుని, మళ్ళీ మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టింది.